నల్లలంక మోకాళ్లు

ఆంక్షల పందొమ్మిదో ఏడు, జూన్ 3.

ఉక్క. ఆకు కదలడం లేదు. ఉదయం కప్పు మీది ఎండపలకలకు పట్టిన ఉప్పు కడిగాను. ఆరు పలకలు, రెండు బిందెల నీళ్లు. ఒక పలక అంచు పగిలి ఉంటే తారు పూశాను.

పదిన్నరకు పోటు మీద నల్లలంక పడవ వచ్చింది. అది ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఎప్పటిలాగే మండపల్లి పల్లాలమ్మ తెచ్చింది. పెట్టెలో పాత మోకాలి చక్రాలు పదకొండు. రేవు గుమాస్తా సీలు చూసి నా చేత సంతకం పెట్టించుకున్నాడు. చక్రాల మీది అంకెలు నా పుస్తకంలోని అంకెలతో సరిపోయాయి. పాతవి పదకొండూ తిరిగి వస్తేనే కొత్తవి పదకొండు ఇవ్వాలని షరతు. కొత్తవాటిలో ఎనిమిది సిద్ధంగా ఉన్నాయి. మూడింటి మచ్చిక మిగిలింది. పధ్నాలుగో తేదీ పోటుకు ఇస్తానని చెప్పాను.

నల్లలంక వాళ్లు రేవులో కట్టిన తాడు దాటకూడదు. పల్లాలమ్మ తాడు దగ్గరే నిలబడింది. నేను పెట్టె భుజాన వేసుకుని షాపు దాకా వస్తున్నంతసేపూ వెనక నుంచి చూస్తూనే ఉంది. ఒకసారి తిరిగి చూశాను, అప్పుడూ చూస్తోంది. ఎందుకో తెలియలేదు.

జూన్ 4.

ఉక్క. మధ్యాహ్నం పడమట ఉరిమింది, వాన లేదు. ఒక కొత్త చక్రం మచ్చిక చేశాను.

ఈ పుస్తకాన్ని ఏటా ఆంక్షల కచేరీ వాళ్లు చూస్తారు. కొత్తగా చూసేవారికి తెలియడానికి ఒకసారి రాస్తున్నాను. చక్రం నిమ్మకాయంత ఉంటుంది. కట్టుడు కాలి మోకాలి కీలులో కూర్చుంటుంది. మనిషి ఏ పక్కకు తూలబోతే దానికి ఎదురు తిరిగి నిలబెడుతుంది. అదే చక్రాన్ని కందిరీగలో, అంటే ఎగిరివచ్చి పేలే ఆ యంత్రంలో పెడితే, గాలివానలో కూడా అది గురి తప్పదు. అందుకే చక్రం నిషేధ పట్టికలో నలభై ఒకటో వస్తువు. నల్లలంకకు కాళ్లు లేనివారి పేరు మీద, మనిషికి ఒకటి చొప్పున, మినహాయింపు కింద మాత్రమే వెళుతుంది.

కొత్త చక్రం లోపలి పూత మెత్తగా ఉంటుంది. ఒక మనిషి దాన్ని కాలికి కట్టుకుని ఒక పగలంతా నడిస్తే గట్టిపడుతుంది. దాన్నే మచ్చిక అంటాం. మచ్చిక కాని చక్రం చట్టం దృష్టిలో ఆయుధ సామాను, మచ్చిక అయినది అవయవం. మా ఊరివాళ్లు షాపుకు వచ్చి ఎవరి చక్రం వాళ్లే నడిచి తీసుకుపోతారు. నల్లలంక వాళ్లు రాకూడదు కాబట్టి వాళ్లవి మేమే ఇక్కడ చేసి పంపుతాం.

సాయంత్రం పాత చక్రాలు నాలుగు విప్పాను. పూత మీద అడుగుల గీతలు పడి ఉంటాయి. ఆ గీతలు చూస్తే మనిషి ఎలా నడుస్తాడో చెప్పగలను. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. పూర్వం పనిచేసిన సైకిలు షాపులో టైర్ల అరుగుదల చూస్తూ నేర్చుకున్నాను.

నాలుగింటిలోనూ ఒకే గీత. ఎడమ అంచున నెలవంకలా ఒక ఈడ్పు, దాని చివర చిన్న గంటు. నాలుగు పేర్లు, నాలుగు వయసులు, ఒకే నడక. భూతద్దం తుడిచి మళ్లీ చూశాను.

జూన్ 5.

మబ్బు. రెండో చక్రం మచ్చిక చేశాను. పంపు వాషరు మార్చాను.

మిగిలిన ఏడూ విప్పాను. పదకొండింటిలోనూ అదే ఈడ్పు, అదే గంటు. పైగా అది కుడికాలి గీత. వీళ్లలో నలుగురికి పోయింది ఎడమకాలు. ఎడమకాలికి కట్టిన చక్రంలో కుడికాలి గీత ఎలా పడుతుంది?

నాకు తోచింది ఒకటే. ఈ చక్రాలు పదకొండు మంది కాళ్లలో లేవు. ఏడాదిలో ఎక్కువ భాగం ఎక్కడో, దేంట్లోనో తిరిగాయి. లెక్క అప్పజెప్పే సమయం దగ్గరపడ్డాక ఒక్క మనిషిని పట్టుకుని, అతని కుడికాలికి ఒకదాని తరువాత ఒకటి కట్టి నడిపించి, నడిచినట్టు గుర్తులు వేయించి పంపారు. చక్రం తిరిగి వచ్చింది కాబట్టి పేలిన కందిరీగలో లేదు. పేల్చడం నేర్చుకునేవాళ్ల చేతుల్లో ఉండి ఉండవచ్చు.

మే నెలలో ఉప్పు పడవ మీద కందిరీగ పడి ఇద్దరు పోయారు. అది ఎటునుంచి వచ్చిందో ఇంతవరకు తేలలేదు. పోయినవారిలో ఒకడు మా పక్కింటి సోమాలు బావమరిది. నా కుడికాలు పోయింది కూడా కందిరీగ వల్లనే, ఆంక్షలు రాకముందు, ఉప్పుమడిలో.



జూన్ 6.

సన్నగా తుంపర. మూడో చక్రం మచ్చిక అయింది. పదకొండూ తయారు. గడిలో టిక్కులు పెట్టాను.

పల్లాలమ్మ పగలంతా పడవ అంచున కూర్చుని మా షాపు వైపు చూస్తోంది. మేస్త్రి, అంటే నేను, బయటికి ఎప్పుడు వస్తాడు, నీళ్లకు ఏ దారిన పోతాడు అని గుమాస్తాను అడిగిందట. గుమాస్తా ఇది నాకు నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఈ ఏడాది ఆంక్షల కచేరీ టపాలో నల్లలంక నుంచి నాకు మూడు ఉత్తరాలు వచ్చాయి. పెట్టెలోంచి తీసి మళ్లీ చూశాను. వస్తువు గురించిన సమాచారం కూడా వస్తువుతో సమానమే కనుక, ఆంక్షల కచేరీలో ఉత్తరాలు విప్పి, పనికి సంబంధించిన మాటల మీద నల్ల సిరా పూస్తారు. మొదటి ఉత్తరంలో ‘మేస్త్రి గారికి నమస్కారములు’ మిగిలింది. రెండోదానిలో ‘దయచేసి’. మూడోదానిలో ‘పిల్ల’. తతిమ్మా అంతా నలుపే. వచ్చినప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాను. ఏమీ కనబడలేదు. అంత నలుపు పూయాల్సినంత సంగతి వాళ్లు నాకు ఎందుకు రాశారు? చక్రం గుట్టు అడిగారేమో.

సోమాలు వల బాగుచేసుకుంటూ పలకరించాడు. లంకవాళ్లకు సరుకు ఎప్పుడు ఇస్తున్నావని అడిగాడు. పధ్నాలుగు అన్నాను. వాళ్లకు కాళ్లు ఇచ్చేది మనం, మన తలలు తీసేది వాళ్లు అన్నాడు. 

జూన్ 7.

ఉదయం వాన, తరువాత ఎండ. షాపు ముందు నిలిచిన నీటికి కాలవ తీశాను.

తేడా కనిపించిన మూడు రోజుల్లోపు కచేరీకి రాయాలని చట్టం. నాలుగు వాక్యాలే రాశాను గాని మూడుసార్లు తిరగరాశాను. పదకొండు చక్రాలలోనూ ఒకే మనిషి నడక ఉన్నదనీ, ఎవరు దేనికి వాడతారో చెబుతూ పల్లాలమ్మ ఇచ్చిన తుది వినియోగ పత్రంలోని వాడకం జరిగినట్టు నాకు నమ్మకం లేదనీ రాశాను. కింద బొంతు ఆశీర్వాదం, మేస్త్రి, అని సంతకం చేశాను. గుమాస్తాకు ఇచ్చాను.

జూన్ 9.

ఎండ. కచేరీ లాంచీ తొమ్మిదికి వచ్చింది. తనిఖీ అధికారి ఫణిశ్రీ గారు. ముప్పై ఏళ్లు ఉంటాయి. మాట మెత్తన. ఆమెకు కుర్చీ వేసి, పదకొండు చక్రాలూ గుడ్డ మీద వరసగా పెట్టాను. భూతద్దంలో ఒక్కొక్కటే చూసింది. ఈడ్పు అంటే ఏమిటి, గంటు ఎందుకు పడుతుంది అని అడిగింది. చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. బడికి పోనివాడినని నా మాట ఇంతసేపు ఎవరూ వినలేదు. ఆ సంతోషం ఇక్కడ రాయవలసింది కాదు, అయినా రాశాను.

“మీలాంటివారు రేవుకొకరుంటే మా పని సగం తగ్గుతుంది” అంది.

పాత పెట్టెకూ కొత్త పెట్టెకూ సీలు వేసింది. పడవను గొలుసుతో కట్టించింది. పల్లాలమ్మను రేవు కచేరీ వసారా గదిలో ఉంచారు. పధ్నాలుగున ఉత్తర్వు వస్తుందట. నల్లలంక మినహాయింపు రద్దు. ఒకసారి రద్దయితే ఏడేళ్ల దాకా మళ్లీ అడగడానికి లేదు. పాత చక్రాలు ఇక్కడికి వచ్చేశాయి, కొత్తవి వెళ్లవు. ఆ పదకొండు మంది ఇక కూర్చోవలసిందే. పల్లాలమ్మ మీద తప్పుడు పత్రం కేసు. నిజంగా కాళ్లు లేనివాళ్లయితే కదా కూర్చోవడం అనుకున్నాను.

జూన్ 10.

ఉక్క. మంచినీటి కుళాయి రేవు కచేరీ పక్కనే. బిందె పట్టుకుని వెళితే వసారా గది కిటికీలో పల్లాలమ్మ కనబడింది. యాభై దాటిన మనిషి. ముఖంలో భయం లేదు. కాపలావాడు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

ఒక్క మాట చెప్పాలంది. సరుకు గురించి మాట్లాడకూడదని చెప్పాను.

“సరుకు ఊసు ఎవురెత్తేరండీ? నడక గురించి. నడక కూడా మీ పట్టీలో ఉందా?”

కాపలావాడు నవ్వాడు. నడక పట్టికలో లేదు. నేను ఆగాను.

“ఆ కుళాయి కాడికెళ్ళి మళ్ళీ ఇటు రండి మేస్త్రి గారూ” అంది. నేను కదలలేదు. అప్పుడు చెప్పింది.

“మావోళ్ళు పదకొండు మందీ అచ్చం మీలాగే నడుత్తారండి. ఎడం పక్కకి ఈడ్చి, సివర్న సిన్న ఎగురు. ఏడాది నించీ సూత్తన్నాను, ఎవుడి నడకరా ఇది, అందరికీ ఒకేసారి అంటుకుంది అని. మొన్న మీరు పెట్టె ఎత్తుకుని ఎళ్తంటే తెలిసింది.”

నేను తిన్నగానే నడుస్తానని చెప్పాను.

“ఆయ్. ఎవురి నడక ఆళ్ళకి తిన్నగానే ఉంటాదండి.”

తరువాత ఆమె చెప్పినది ఇది. నడుం ఎడమకు లాగేస్తోందని, తుంట్లు నొప్పి అని, మూడు ఉత్తరాలు రాయించారట. పెద్దవాళ్లు ఎలాగో సర్దుకున్నారట. పదకొండేళ్ల గోగులమండ సువార్త అని ఒక పిల్ల ఉందట, పుట్టుకతోనే కాలు లేదు. పోయిన ఏడాది నేను పంపిన చక్రంతోనే మొదటిసారి లేచి నిలబడిందట.

“పెద్దోళ్ళు పాత నడక మర్సిపోయి కొత్తది నేర్సుకున్నారు. దానికి ఇదే నడక. బళ్ళో దాన్ని తాతా అని పిలుత్తారు. తాతొచ్చేడు తాతొచ్చేడు అని ఎనకాల నడిసి సూపిత్తారు. అది ఏడవదు. మొన్న పాత చక్రం ఊడదీత్తంటే మాత్రం ఏడిసింది, కొత్తది రాదేమోనని.”

నాకు నమ్మకం కలగలేదు. గదిలో పెట్టినవాళ్లు బయటపడడానికి ఏ కథైనా అల్లుతారు. పేరూ వయసూ చెప్పినంత మాత్రాన పిల్ల ఉన్నట్టు కాదు. బిందె నింపుకుని వచ్చాను. వస్తున్నంతసేపూ ఆమె చూస్తోందని తెలుసు. బిందె ఎక్కడా తొణకకూడదని పట్టుగా నడిచాను.

జూన్ 11.

వాన. బయటి పని ఏమీ లేదు.

నా మోకాలి చక్రం నేను ఎప్పుడూ విప్పి చూడలేదు. ఏడాది కాగానే తీసి కొత్తది పెట్టుకుంటాను. నాదే కదా, చూసేదేముంది అనుకున్నాను. ఇవాళ తలుపు గడియ వేసి, బల్ల మీద కూర్చుని, తీసి విప్పాను.

నెలవంకలా ఈడ్పు. చివర గంటు.

చాలాసేపు ఒంటికాలితో కూర్చుండిపోయాను. తరువాత ఒక్కొక్కటే వరసలోకి వచ్చింది. నల్లలంక చక్రాలు మచ్చిక చేయడానికి ఒకప్పుడు షాపులో నలుగురం ఉండేవాళ్లం. మనిషి బరువుకు తగిన మనిషి, కాలికి తగిన కాలు చూసి మచ్చిక చేయాలని షాపు నియమం. ఒకడు పోయాడు, ఇద్దరు వేరే రేవులకు వెళ్లిపోయారు. పోయినేడు పంపినవి పదకొండూ నేనొక్కడినే నడిచాను. ఎవరు నడిచారని రాసే గడి పుస్తకంలో లేదు. టిక్కు పెట్టాను. అడిగినవాడు లేడు.

కొత్త చెప్పు మొదట తొడిగిన కాలికి లొంగుతుంది. ఆ తరువాత ఎవరు తొడిగినా ఆ పల్లంలోనే కాలు పెట్టాలి. మెత్తటి పూతలో నేను వేసిన గాడిలోనే పదకొండు మంది ఏడాదంతా అడుగులు వేశారు. ఎడమకాలు పోయినవాళ్లు కూడా నా కుడికాలితో నడిచారు. నేను చూసి భయపడింది నన్నే.

ఈ సంగతి వాళ్లు మూడుసార్లు రాశారు. దాని మీద సిరా పూశారు.

అయినా ఒక అనుమానం మిగిలింది. సోమాలును పిలిచి, నేను నడుస్తుంటే కుంటుతానా అని అడిగాను.

“ఏటి మేస్త్రీ, పంతొమ్మిదేళ్ళకి అడుగుతున్నావా? నీ అడుగు సప్పుడు ఇని మా ఆవిడ టీ పెడతాది. ఈడ్సి, టక్. ఈడ్సి, టక్.”

ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నువ్వు మాటాడితే గదా, నేను సెప్పడానికి.”

లంకవాళ్ల సంగతి అతనికి చెప్పాను.  అయితే మా బావమరిదిని ఎవరు చంపినట్టు అన్నాడు. నాకు తెలియదన్నాను. నేను ఇచ్చిన టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

జూన్ 12.

వాన తెరిపిచ్చింది. ఎనిమిదికే రేవు కచేరీకి వెళ్లి ఫణిశ్రీ గారిని కలిశాను. నా రిపోర్టు తప్పని చెప్పాను. ఎందుకు తప్పో చెప్పాను. నా చక్రం బల్ల మీద పెట్టాను. నియమం తప్పి ఒక్కడినే మచ్చిక చేశానని రాసి ఇచ్చాను. అందువల్ల నా లైసెన్సు పోతుంది. అది తెలుసునా అని అడిగింది. తెలుసు అన్నాను.

మొన్న నాలుగు వాక్యాలు చదివి నమ్మిన మనిషి ఇవాళ రెండు పేజీలు చదివి నమ్మలేదు.

“పదో తారీఖున కిటికీ దగ్గర ఆవిడతో చాలాసేపు మాట్లాడారట. ఏమంది?”

చెప్పాను. నడక, ఉత్తరాలు, పిల్ల.

“ఆ మాటలకు ముందు మీకు అనుమానం లేదు. మాట్లాడిన మర్నాడు మీ మోకాల్లో సరిగ్గా అదే గీత దొరికింది. మీ షాపులో పనిముట్లన్నీ ఉన్నాయి. అలాంటి గీత గీయడానికి మీకెంతసేపు పడుతుంది ఆశీర్వాదం గారూ?”

గీయాలంటే గంట పడుతుంది. అదే చెప్పాను. ఆమె తల ఊపి రాసుకుంది.

ఆమె స్థానంలో నేనున్నా అలాగే అడిగేవాణ్ని. నల్లలంక పదకొండు మందినీ పిలిచి నడిపించి చూడమన్నాను. వాళ్లు తాడు దాటకూడదంది. అక్కడికి వెళ్లి చూడమన్నాను. అధికారులు వెళ్లడం పదేళ్లుగా నిలిపివేశారట. ఉత్తరాల అసలు ప్రతులు చూడమన్నాను. సిరా పూసేదే అసలు ప్రతుల మీద.

చివరికి, మనిషి నడకకు రెండు నమూనాలు తీసుకోవచ్చని నియమం ఉందని ఆమే చెప్పింది. కొత్త పెట్టెలోవి కాక, మచ్చిక కాని ఖాళీ చక్రం ఒకటి షాపు నుంచి తెప్పించి, నా మోకాలికి కట్టించి, సీలు వేసింది. వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకు గంటసేపు నడవమంది. ఆమె కుర్చీ వేసుకుని కూర్చుంది. కాపలావాడు నిలబడ్డాడు. కిటికీలోంచి పల్లాలమ్మ చూస్తోంది.

నడిచాను. మొదటి అడుగు నుంచే ఏదో తేడాగా ఉంది. ఈడ్పు ఎక్కడ మొదలవుతుందో, ఎగురు ఎక్కడ వస్తుందో తెలియలేదు. రావాలని చేస్తే ఎక్కువైంది. వద్దనుకుంటే మాయమైంది. గంట తరువాత సీలు తీసి విప్పి భూతద్దం నా చేతికే ఇచ్చింది. గీత మధ్యలో తిన్నగా ఉంది. మా ఊళ్లో ఎవరూ అంత చక్కగా నడవరు.

“ఇది ఆ పదకొండింటిలో ఉన్న నడక కాదు” అంది.

కాదన్నాను.

పల్లాలమ్మ కిటికీలోంచి ఫణిశ్రీ గారితో ఒక మాట అంది. “పెళ్ళి సూపుల్లో కూకోబెట్టినట్టు ఎదురుగా కూకుంటే ఎవురు తిన్నగా నడవరండీ.” అధికారి ఆ మాట కూడా రాసుకుంది. నవ్వలేదు గాని, కొట్టివేయనూ లేదు.

రెండో నమూనాకు ఇంకో చక్రం కట్టి సీలు వేసింది. రేపు తెల్లవారినప్పటి నుంచి సాయంత్రం ఆరు వరకు, నా షాపులో, నా పనిలో. ఎవరూ ఎదురుగా కూర్చోరు. ఆరింటికి తనే వచ్చి విప్పుతుంది. సరిపోతే రద్దు ఆగుతుంది, కొత్త పెట్టె పధ్నాలుగు పోటుకు పడవలో వెళుతుంది, పల్లాలమ్మ కూడా వెళుతుంది. ఈ కొత్త పెట్టెలోని పదకొండు కూడా నేను నడిచినవే. వాటి పూత తీసి, తూకం చూసి, వేరే మనుషుల చేత మళ్లీ మచ్చిక చేయించేందుకు మొక్కల రేవు షాపు నుంచి ఇద్దరిని రప్పించమని, అందుకు పడవ వారం ఆగినా సరేనని కూడా అడిగాను. ముందు రేపు సాయంత్రం ఆరు కానివ్వండి అంది.

జూన్ 13.

ఉదయం మబ్బు. తూర్పు గాలి. 

లేవగానే మోకాలికి సీలు కనబడింది. మంచం మీంచి తలుపు దాకా తొమ్మిది అడుగులు. లెక్కపెట్టాను. లెక్కపెట్టకూడదనుకుని మళ్లీ లెక్కపెట్టాను. బల్ల సర్దాను, తూకం రాళ్లు తుడిచాను, పంపు కొట్టాను. ప్రతి పనిలోనూ నా కాలు నాకంటే ముందు కనబడుతోంది. ఈ పుస్తకంలో రోజూ ఏం చేశానో రాయడం ఇరవై ఏళ్ల అలవాటు. ఇవాళ ఏ పని మొదలుపెట్టినా, దీన్ని ఎలా రాయాలి అని ముందే తోస్తోంది. అలా తోచగానే నడక తిన్నబడిపోతోంది.

పదకొండింటికి కుళాయికి వెళ్లాను. పల్లాలమ్మ కిటికీలో లేదు. నేను వస్తానని తెలిసి గదిలో ఆ మూలకు పోయి గోడ వైపు తిరిగి కూర్చుందని కాపలావాడు చెప్పాడు.

మధ్యాహ్నం సోమాలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతనితో ఏం మాట్లాడాలో తెలియక చక్రం సంగతి చెప్పాను. ఆరింటికి విప్పుతారనీ, సరిపోకపోతే ఆ పిల్ల ఏడేళ్లు కూర్చోవాలనీ చెప్పాను. పిల్ల వయసెంత అని అడిగాడు. పదకొండు. అప్పటికి పద్దెనిమిది వస్తాయి అన్నాడు.  కాసేపటికి, వాళ్ల ఆవిడ ఉప్పు పట్టించిన చేపలు గట్టు మీద చాపల్లో పరిచిందని, మబ్బు చూస్తే భయంగా ఉందని చెప్పి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నాలుగు దాటింది. ఇంతవరకు పడిన గీత ఎలా ఉంటుందో నాకు తెలుసు. మధ్యలో తిన్నగా ఉంటుంది. ఇంకా రెండు గంటలే ఉన్నాయి. సువార్త బడిలో నడుస్తుంటే వెనక పిల్లలు నడిచి చూపిస్తారని పల్లాలమ్మ అన్నది. వాళ్లకు వచ్చిన నడక నాకు రావడం లేదు. కుర్చీలోంచి లేవకుండా ఇది రాస్తున్నాను, రాస్తున్నంతసేపైనా అడుగు వేయనక్కర్లేదని.

పెద్ద చుక్కలు పడుతున్నాయి. గాలి తిరిగింది, సముద్రం వైపు నల్లగా కమ్ముకొస్తోంది. సోమాలు ఇంట్లో లేడు, వాళ్ల ఆవిడ ఒక్కతే గట్టు మీద పరుగెడుతూ మేస్త్రీ మేస్త్రీ అని కేకేస్తోంది. చాపలు ఎగిరిపోతున్నాయి, చేపలన్నీ ఇంకా—